హార్ట్‌ఫర్డ్ స్టేట్ లైబ్రరీలో మా అత్తగారి పూర్వీకుల కోసం మూడు రోజులు

మా అత్తగారిది అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం. వయసు ఎనభై రెండు. వాళ్ల అమ్మమ్మ తరఫు వాళ్లు అక్కడి లెబనాన్ అనే పల్లెలో వ్యవసాయం చేసేవాళ్లని విన్నారే తప్ప, వాళ్లెవరో ఆవిడకు తెలియదు. "నేను పోయేలోపు వాళ్ల పేర్లయినా తెలిస్తే బాగుండు" అని ఈ చలికాలంలో రెండుసార్లు అన్నారు. రెండోసారి విన్నాక నాకు మనసాగలేదు.

ముందు నెలనెలా డబ్బు కట్టే ఒక వెబ్‌సైట్‌లో చేరాను. గంటసేపట్లో పదకొండు తరాల వంశవృక్షం తయారైంది. తీరిగ్గా చూస్తే, అందులో ఒకాయన తన తల్లికంటే నాలుగేళ్లు ముందే పుట్టాడు! ఎవరో ఒకరు తప్పు రాశారు, దాన్ని మిగతావాళ్లంతా దింపుకున్నారు. ఆధారం ఏమిటో ఒక్కరూ రాయలేదు. అత్తయ్యకు అది చూపించడం ఇష్టంలేక చందా మానేసి, ఆవిడను కారెక్కించుకుని హార్ట్‌ఫర్డ్ వెళ్లాను.

కనెక్టికట్ స్టేట్ లైబ్రరీ క్యాపిటల్ అవెన్యూ మీద, రాష్ట్ర సుప్రీంకోర్టున్న భవనంలోనే ఉంది. చరిత్ర, వంశావళి విభాగంలో కూర్చుని చూసుకోవడానికి ఫీజేమీ లేదు. పని వేళలు మాత్రం ముందే కనుక్కుని వెళ్లండి. ఇంకో సలహా: ఇప్పటి నుంచి వెనక్కి 1850 దాకా ఉన్న తరాలను ఇంటి దగ్గరే వెతుక్కుని వెళ్లండి. 1790లో మొదలైన జనాభా లెక్కల్లో 1840 వరకూ ఇంటి యజమాని పేరొక్కటే రాశారు. భార్యాపిల్లలు అంకెలుగానే ఉంటారు. ఇంట్లో ఉన్న స్వతంత్రులందరి పేర్లూ రాయడం 1850తోనే మొదలైంది. అక్కణ్ణుంచి వెనక్కి వెళ్లాలంటే ఊరి పుస్తకాలే దిక్కు.

ఆ ఊరి పుస్తకాలకు తాళంచెవి లాంటిది బార్బర్ కలెక్షన్. లూషియస్ బార్న్స్ బార్బర్ 1911 నుంచి 1934 దాకా ఈ రాష్ట్రంలో పబ్లిక్ రికార్డుల ఎగ్జామినర్, అంటే ప్రభుత్వ రికార్డుల పరిశీలకుడు. పాత టౌన్ పుస్తకాల్లోని పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు ఆయన ఎత్తి రాయించారు. రాష్ట్రం మొత్తానికీ పేర్ల వరసలో చీటీలున్నాయి. ప్రతి చీటీ మీదా అసలు పుస్తకం సంపుటి, పేజీ నంబరు ఉంటాయి. నాకు అన్నిటికంటే నచ్చింది ఈ పేజీ నంబరే. "నా మాట నమ్ము" అనకుండా "వెళ్లి చూసుకో" అంటుందది.

మొదటి రోజే ఆ "తల్లికంటే పెద్దవాడు" దొరికాడు. తల్లిదండ్రుల పెళ్లి 1731 ఏప్రిల్‌లో, ఇతని పుట్టుక 1731 ఫిబ్రవరిలో. అత్తయ్య ముఖం మారిపోయింది. బల్ల దగ్గరున్న లైబ్రేరియన్ పాత లెక్క వివరించారు. 1752కు ముందు ఇంగ్లీషు వలసల్లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. కాబట్టి 1731 ఫిబ్రవరి అంటే ఏప్రిల్ తరవాత వచ్చేదే, మన లెక్కలో 1732. పెళ్లయిన పది నెలలకు బిడ్డ. అత్తయ్య ఊపిరి పీల్చుకున్నారు.

మరి వయసు తేడా? దానికి జవాబు రెండో రోజు, ప్రొబేట్ కాగితాల (పోయినవాళ్ల ఆస్తి పంపకం కోర్టు కాగితాల) మైక్రోఫిల్మ్‌లో, అంటే వాటి ఫోటోలున్న ఫిల్మ్ చుట్టలో, దొరికింది. 1768లో తండ్రి పోయాక ఈ కొడుకు తన వాటాకు రసీదు రాసిస్తూ, వెబ్‌సైట్ తల్లిగా చూపినావిడను "మదర్ ఇన్ లా" అన్నాడు. ఆ రోజుల్లో ఆ మాటకు సవతి తల్లి అనే అర్థం కూడా ఉంది. కన్నతల్లి చిన్న వయసులోనే పోయిందని ఇంకో చీటీ చెప్పింది. వెబ్‌సైట్లో తల్లి స్థానంలో కూర్చోబెట్టింది ఈ రెండో భార్యనే. ఇలాంటిదే జూనియర్, సీనియర్ అన్న మాటలతోనూ జాగ్రత్త: అప్పట్లో ఒకే ఊళ్లో ఒకే పేరున్న ఇద్దర్ని వేరుచేయడానికి కూడా అలా రాసేవాళ్లు, తండ్రీకొడుకులే కానక్కర్లేదు.

అదే కట్టలో ఆ విధవరాలి వాటా కాగితం ఉంది. భర్త భూమిలో మూడో వంతు బతికున్నంత కాలం వాడుకునే హక్కు ఆమెది. దాన్ని కోర్టు పంపిన ముగ్గురు కొలిచి రాశారు. ఇంట్లో తూర్పు గది. నేలమాళిగలో మూడో వంతు. బావి దాకా నడిచే దారి. రొట్టెల పొయ్యి వాడుకునే హక్కు. అత్తయ్య తన వేలితో తెర మీద ఆ వరసల వెంటే వెళ్తూ, "వంటింట్లోకి వెళ్లడానికి కూడా కాగితం కావాల్సి వచ్చిందా ఆమెకు" అన్నారు. రక్తసంబంధం లేకపోయినా ఆ పేజీ కాపీ కావాలని పట్టుబట్టారు. నాకూ అదే కావాలనిపించింది.

తరవాతి పేజీ ఆస్తుల జాబితా. రెండు ఆవులు, రాట్నం, ప్యూటర్ (తగరం కలిసిన లోహం) పళ్లేలు, పక్కన పౌండ్లు, షిల్లింగులు, పెన్నీలు. వాటి మధ్య ఒక నల్లజాతి బాలిక. ఇంటిపేరు లేదు. పేరు పక్కన వెల. కనెక్టికట్‌లో 1784లో దశలవారీ విమోచన చట్టం వచ్చింది, బానిసత్వం పూర్తిగా పోయింది 1848లోనే. ఇవన్నీ చదివి ఉన్నాను. సొంతవాళ్ల కాగితంలో చూడటం వేరు. ఆ రోజు మేము తొందరగా బయటికి వచ్చేశాం. దారిలో ఎక్కువ మాట్లాడుకోలేదు.

మూడో రోజు హేల్ కలెక్షన్ చూశాం. 1930లలో రాష్ట్రంలోని సమాధి రాళ్ల మీది రాతలన్నీ ఎక్కించిన సూచిక అది. రాయి అరిగిపోయినా రాత మిగిలింది. భూమి దస్తావేజులకు మాత్రం లెబనాన్ టౌన్ క్లర్క్ దగ్గరికి వెళ్లాలి, ఈ రాష్ట్రంలో అవి కౌంటీలో కాకుండా ఊళ్లోనే ఉంటాయి. వెళ్లే ముందు ఫ్యామిలీసెర్చ్ అనే వంశావళి వెబ్‌సైట్‌లో ఉచిత ఖాతా తెరిచి ఫుల్ టెక్స్ట్ సెర్చ్ వాడాను. చేతిరాతను కంప్యూటరే చదువుతుంది కాబట్టి, సాక్షిగా సంతకం పెట్టినవాళ్లు, సరిహద్దు పొలంవాళ్లు కూడా దొరుకుతారు. ప్రతి పేరునూ అసలు పేజీ ఫోటోతో సరిచూసుకోవాలి, అంతే.

పెద్దవాళ్లను తీసుకెళ్తే రోజుకు మూడు గంటలు మించి కూర్చోబెట్టకండి, మైక్రోఫిల్మ్‌కు కళ్లు లాగేస్తాయి. వచ్చే నెల చర్చి రికార్డుల సూచిక కోసం మళ్లీ వెళ్తున్నాం. ఏం వెతకాలో అత్తయ్య తన నోట్‌బుక్‌లో రాసుకున్నారు. మొదటి వరసలో ఆ బాలిక పేరు, పక్కన "బాప్తిస్మం ఉందా?" అని ఉంది.