సిరంజి పంపా, ఫెర్రోఫ్లూయిడా: చిప్‌లో ద్రవాన్ని దేనితో నెట్టాలి?

మైక్రోఫ్లూయిడిక్స్ (చిప్‌లోని సన్నటి చానెళ్లలో ద్రవాలని నడిపే విద్య) మొదలుపెట్టిన విద్యార్థులు రెండో వారానికల్లా అడిగే ప్రశ్న ఇదే: "సిరంజి పంపు ఉండగా ఆ నల్ల ద్రవం ఎందుకు సార్?" నల్ల ద్రవమంటే ఫెర్రోఫ్లూయిడ్, అతి చిన్న అయస్కాంత రేణువులు కలిపిన ద్రవం. ఈ మధ్య మా చిప్ కోసం నేనూ ఈ రెండింట్లో ఒకటి ఎంచుకోవాల్సి వచ్చింది కాబట్టి వివరంగానే రాస్తున్నాను.

సిరంజిని మోటార్‌తో నొక్కే సిరంజి పంపుకి నిమిషానికి ఇన్ని మైక్రోలీటర్లని చెబితే అంతే పంపుతుంది, ఆ నమ్మకం చిన్నది కాదు. కాకపోతే పెద్ద సిరంజి పెట్టి మరీ నెమ్మదిగా నడిపితే మోటార్ వేసే ఒక్కో అడుగూ చానెల్లో కుదుపులా కనిపిస్తుంది. స్టాప్ నొక్కినా ప్రవాహం వెంటనే ఆగదు, మెత్తటి గొట్టంలోనూ ఎక్కడో చిక్కుకున్న బుడగలోనూ మిగిలిన ఒత్తిడి మెల్లగా వదులుతూనే ఉంటుంది.

ఫెర్రోఫ్లూయిడ్ సంగతి వేరు. 1963లో నాసాలో స్టీవ్ పాపెల్ దీన్ని తయారుచేసిందే భారం లేని చోట రాకెట్ ఇంధనాన్ని అయస్కాంతంతో లాగడానికి. చానెల్లో చిన్న ప్లగ్‌లా నింపి, కింద నియోడిమియం అయస్కాంతాన్ని జరిపితే అది పిస్టన్‌లా ముందున్న ద్రవాన్ని నెడుతుంది. ఉంగరంలా చుట్టూ తిరిగే చానెల్లో అయితే ఒక ప్లగ్‌ని దారి మూసేలా నిలబెట్టి, ఇంకోదాన్ని తిప్పుతూ ఉంటే అదే పంపు, అదే వాల్వు. బయటి గొట్టాల బాధ లేదు. బలం మాత్రం తక్కువ, కొన్ని కిలోపాస్కల్స్ దాటితే ప్లగ్ చీలిపోయి ద్రవం పక్కనుంచి జారిపోతుంది. అయస్కాంతం కాస్త దూరమైనా పట్టు బాగా పడిపోతుంది, అందుకే చిప్ అడుగు పలుచగా ఉండాలి.

ఇవన్నీ సర్దుకోవచ్చు. నా దృష్టిలో అసలు తేల్చేది ఒక్కటే, ఆ నల్ల ద్రవం మీ శాంపిల్‌ని తాకుతుందా లేదా? హైడ్రోకార్బన్ నూనెలో చేసినదైతే పీడీఎంఎస్ (చాలా చిప్‌లు చేసే సిలికోన్ రబ్బరు) దాన్ని పీల్చుకుని ఉబ్బుతుంది. గోడలకి పల్చటి పొర అంటుకుంటే కింద మైక్రోస్కోప్‌కి ఏమీ కనబడదు. రేణువులు ముద్దకట్టకుండా పూసిన సర్ఫాక్టెంట్ (సబ్బులాంటి పదార్థం) శాంపిల్లోకి చేరితే కణాలతో పనిచేసేవాళ్ల ఫలితాలే మారిపోవచ్చు. మేము గాజు చానెల్ తీసుకుని, ప్లగ్‌కీ శాంపిల్‌కీ మధ్య గాలి ఖాళీ వదిలాం. గాలి నొక్కుకుపోతుంది కాబట్టి కచ్చితత్వం కొంత పోయింది, కానీ శాంపిల్ శుభ్రంగా మిగిలింది. చేతిలో పట్టుకుపోయే టెస్ట్ చిప్‌కి నా ఓటు ఫెర్రోఫ్లూయిడ్‌కే. ప్రవాహం రేటు కొలిచి పేపర్లో రాయాల్సి ఉంటే మాత్రం సిరంజి పంపే వాడండి.

ద్రవాన్ని నెట్టే మిగతా పద్ధతుల్లో, కరెంటుతో ద్రవాన్ని నడిపే ఎలక్ట్రోఆస్మాసిస్‌కి ఎక్కువ వోల్టేజ్ కావాలి, ద్రవంలో ఉప్పు, పీహెచ్ మారితే వేగమూ మారుతుంది. 2000లో అమెరికాలోని కాల్టెక్‌లో స్టీఫెన్ క్వేక్ బృందం చూపించిన, గాలి ఒత్తిడితో పనిచేసే వాల్వులు అద్భుతంగా పనిచేస్తాయి, కాకపోతే పక్కన కంప్రెసర్ ఉండాలి.

కొనేముందు ఒక పని చేయండి. మీ శాంపిల్‌కి వాడే బఫర్‌నీ (పీహెచ్ నిలకడగా ఉంచే ద్రావణం) ఫెర్రోఫ్లూయిడ్‌నీ ఒక గాజు వయల్లో పోసి, కలిపి, రాత్రంతా వదిలేసి, పొద్దున్న పక్కన అయస్కాంతం పెట్టి చూడండి. నీటి పొర ఇంకా గోధుమ రంగులో ఉంటే ఆ రకం వద్దు, వేరే రకం చూసుకోండి.