పాత వించెస్టర్ కొనేవారికి హెచ్చరిక: నంబరు నిజమే, బ్యారెల్ వేరు

అమెరికాలో పాత లివర్ యాక్షన్ (ట్రిగ్గర్ దగ్గరి మీటను కిందికి పైకి ఆడించి తూటా ఎక్కించే) వేట రైఫిల్ కొనాలనుకుంటున్నవారు డబ్బు చేతులు మారకముందే ఇది చదవండి. నేను 2,200 డాలర్లు ఇచ్చాక నేర్చుకున్న సంగతి.

ఒక ఆయుధ ప్రదర్శనలో వించెస్టర్ కంపెనీ చేసిన అలాంటి రైఫిల్, మోడల్ 1894, కంటపడింది. "1897 నాటిది, ఎవరూ చేయి పెట్టలేదు" అన్నాడు అమ్మే పెద్దమనిషి. రిసీవర్ (తుపాకి యంత్రాంగం ఇమిడి ఉండే నడిమి ఇనుప భాగం) అడుగున, ముందు వైపు ఉన్న సీరియల్ నంబరు చూపించి, తన దగ్గరున్న అచ్చు పట్టికలో ఆ సంవత్సరం మీద వేలు పెట్టాడు. సరిపోయింది. 1898లోగానీ అంతకుముందుగానీ తయారైనవి ఫెడరల్ చట్టం దృష్టిలో పురాతన వస్తువులు, కాబట్టి కాగితాల తతంగం లేదన్నాడు. అదీ నిజమే (రాష్ట్రాల చట్టాలు వేరుగా ఉండవచ్చు, మీది మీరు చూసుకోండి). ఇన్ని నిజాలు ఒకేసారి వినేసరికి బేరమాడటం కూడా మరిచిపోయాను.

ఇంటికొచ్చి భూతద్దం పట్టుకుంటే బ్యారెల్ (తుపాకి గొట్టం) మీద, రిసీవర్ దగ్గర, కోడిగుడ్డు ఆకారపు గీతలో డబ్ల్యూ, పి అక్షరాలు కనిపించాయి. అది వించెస్టర్ కంపెనీ పరీక్ష ముద్ర. దాన్ని వేయడం మొదలైందే 1905లో. 1897 నాటి బ్యారెల్ మీదికి అది ఎలా వచ్చింది?

వయోమింగ్ రాష్ట్రంలోని కోడీ పట్టణంలో ఒక ఆయుధ మ్యూజియం ఉంది. వించెస్టర్ కర్మాగారపు పాత చిట్టాలు అక్కడే ఉన్నాయి. ఈ మోడల్‌కు 353,999వ నంబరు దాకా వివరాలు దొరుకుతాయి. రుసుము కట్టి ఉత్తరం తెప్పించుకున్నాను. సంవత్సరం విషయంలో పట్టిక తప్పలేదు. కానీ ఆ నంబరుతో కర్మాగారం వదిలింది .38-55 తూటాకు చేసిన, ఎనిమిది పలకల బ్యారెల్ ఉన్న రైఫిల్. నా చేతిలో ఉన్నది .30-30 అనే వేరే తూటాకు చేసిన గుండ్రటి బ్యారెల్.

ఇక్కడే అసలు కిటుకు. .30-30 తూటా పుట్టిందే .38-55 గుల్ల నుంచి. రెండింటి అడుగు భాగం దాదాపు ఒకటే కాబట్టి బ్యారెల్ మార్చినా తుపాకి చక్కగా పేలుతుంది. పేల్చి చూసి పట్టుకోవడం కుదరదు. ఎవరో ఎప్పుడో అవసరానికి మార్చుకుని ఉంటారు, అందులో తప్పేమీ లేదు. మార్చినదాన్ని చెక్కుచెదరని సరుకుగా అమ్మడమే మోసం. ఫోను చేసి అడిగితే ఆయన సమాధానం: "నేను నంబరు గురించే చెప్పాను కదా." చేయి పెట్టలేదన్న మాట రసీదులో లేదు. ఆ మాటను రాయించుకోవాల్సింది నేను.

సీరియల్ నంబరు రిసీవర్ పుట్టిన రోజును మాత్రమే చెబుతుంది. బ్యారెల్‌నూ, చెక్కనూ, మరలనూ విడివిడిగా ప్రశ్నించాలి. మర తల గాడి చెదిరి ఉందా? బ్యారెల్ మీది అక్షరాల అంచులు అరిగి మొద్దుబారాయా? అలా ఉంటే ఎవరో సానబెట్టి కొత్త పూత వేశారన్నమాట.

మరో రకం బోల్తా కూడా ఉంది. 1964లో వించెస్టర్ ఖర్చు తగ్గించుకోవడానికి ఈ తుపాకి తయారీ పద్ధతే మార్చి, నంబర్లను 2,700,000 నుంచి మళ్లీ మొదలుపెట్టింది. అందుకే 1964కు ముందువాటికి గిరాకీ. ఆ ధర చెబుతూ రిసీవర్‌కు అడ్డంగా సేఫ్టీ బొత్తాం ఉన్న తుపాకి చూపిస్తే, మర్యాదగా నవ్వి వచ్చేయండి. ఆ బొత్తాం వచ్చింది 1990ల్లో. మరో అమెరికా కంపెనీ మార్లిన్ తుపాకి అయితే లెక్క ఇంకా తేలిక: 1973 నుంచి చాలా ఏళ్లపాటు వేసిన నంబర్లలో మొదటి రెండు అంకెలను 100 నుంచి తీసేస్తే సంవత్సరం చివరి రెండు అంకెలు వస్తాయి. 27తో మొదలైతే 1973.

నా రైఫిల్‌ను ఇద్దరు మదింపుదారులకు చూపించాను. ఇద్దరూ నేను పెట్టిన దాంట్లో సగం దగ్గరే ఆగారు. మ్యూజియం ఉత్తరాన్ని తుపాకి పెట్టెలోనే ఉంచాను. ఎప్పుడైనా అమ్మితే, కొనేవారి చేతికి ముందు అందేది అదే.