తేమలో, చలిలో డీజిల్ కంప్రెసర్: ఆపి ఆపి నడపడమా, వేడెక్కించి నడపడమా?

వానాకాలంలో, గాలిని నొక్కి పనిముట్లకు పంపే డీజిల్ కంప్రెసర్ నడిపేవారిలో రెండు పద్ధతులు కనిపిస్తాయి. డీజిల్ ఆదా అవుతుందని అవసరమైన పది నిమిషాలే నడిపి ఆపేసేవారు కొందరైతే, గాలితో చేయాల్సిన పనులన్నీ ఒక పూటకు కూడగట్టుకుని, యంత్రం బాగా వేడెక్కాక గంటల తరబడి లోడు మీద, అంటే గాలిని వాడుతూ, నడిపేవారు మరికొందరు. తిరిగే రెండు మరల మధ్య, ఆయిల్ చిమ్ముతూ గాలిని నొక్కే స్క్రూ కంప్రెసర్ విషయంలో నా మొగ్గు పూర్తిగా రెండో పద్ధతి వైపే.

కారణం ఆయిల్ వేడిలో ఉంది. 30 డిగ్రీల సెల్సియస్ వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున ఒక ఘనపు మీటరు గాలిలో దాదాపు 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. ఆ గాలిని గేజ్ మీద 7 బార్లు చూపేదాకా నొక్కితే ఎనిమిది ఘనపు మీటర్లలోని ఆవిరి ఒక్క ఘనపు మీటరులో ఇరుక్కుంటుంది కనుక, అది సుమారు 67 డిగ్రీల దగ్గరే నీరుగా మారడం మొదలవుతుంది. ఆయిల్ 80, 90 డిగ్రీల మధ్య ఉంటే ఆవిరి ఆవిరిగానే గాలితో పాటు బయటికి పోతుంది. 50 డిగ్రీలైనా దాటకముందే ఆపేస్తూ ఉంటే ఆ నీరంతా ఆయిల్‌లోనే మిగిలి, ఆయిల్ పాలలా తెల్లబారి, బేరింగులు తుప్పు పడతాయి. మిగిలిన డీజిల్ డబ్బు ఒక్క బేరింగు మరమ్మతుకైనా చాలదు.

అయితే లోడు లేకుండా ఊరికే తిప్పడం వేడెక్కించడం కిందకు రాదు. అలా తిప్పితే ఆయిల్ కావలసినంత వేడెక్కదు సరికదా, ఇంజన్‌లో డీజిల్ సరిగా మండక పొగగొట్టంలో మసి, జిడ్డు పేరుకుంటాయి. పిస్టన్ కంప్రెసర్ సంగతి వేరు. అది ఆగుతూ నడిచేలా తయారైనదే, నీరు ఎక్కువగా గాలి నిల్వ ఉండే రిసీవర్ ట్యాంకులోనే చేరుతుంది కాబట్టి రోజూ సాయంత్రం నీరు వదిలే డ్రెయిన్ కాక్ తిప్పితే చాలావరకు సరిపోతుంది.

స్క్రూ యంత్రంలో నీరు తీయడానికి మాత్రం పొద్దున్నే మేలు. రాత్రంతా కదలకుండా ఉన్న ఆయిల్ ట్యాంకులో నీరు ఆయిల్ కిందికి దిగి ఉంటుంది. గేజ్ సున్నా చూపుతోందని రూఢి చేసుకుని, స్టార్ట్ చేయకముందే అడుగున ఉన్న ప్లగ్‌ను మెల్లగా వదులు చేస్తే, ముందు నీరు పలుచగా జారి, ఆ వెనకే ఆయిల్ సన్నని తీగలా సాగుతుంది. అది కనిపించగానే బిగించాలి. గ్లైకాల్ రకం ఆయిల్ పోసిన యంత్రాలకు ఈ కిటుకు పనికిరాదు, ఎందుకంటే నీరు అందులో కలిసిపోతుంది.

లోపల వేడిగా ఉంచిన గాలిని బయట చల్లబరచాలి. అక్కడ వచ్చే ప్రశ్న నొక్కిన గాలిని చల్లబరిచే ఆఫ్టర్‌కూలరా, అందులోని తేమను తీసే డ్రయ్యరా అన్నది. నిమిషానికి 185 ఘనపుటడుగుల గాలినిచ్చే యంత్రం పైన చెప్పిన వాతావరణంలో పూర్తి లోడు మీద గంటకు ఏడున్నర లీటర్ల నీటికి సరిపడా ఆవిరిని పీలుస్తుంది. ఆఫ్టర్‌కూలర్ ఆ గాలిని 40 డిగ్రీలకు దించినా, వెనక ఉన్న వాటర్ సెపరేటర్‌లో ఐదున్నర లీటర్ల దాకా వేరుపడుతుంది. జాక్ హ్యామర్‌కు అంతకుమించి అక్కర్లేదు. పెయింటింగ్‌కు, శాండ్ బ్లాస్టింగ్‌కు మాత్రం డ్రయ్యర్ తప్పదు. రిఫ్రిజిరేషన్ డ్రయ్యర్ తర్వాత గాలి 3 డిగ్రీల దాకా చల్లబడినా నీరు దిగదు, గడ్డకట్టే చలిలో మాత్రం అది చాలదు. తేమను పీల్చే గుళికల డ్రయ్యర్ ఆ హద్దును మైనస్ 40 దాకా తీసుకుపోతుంది. ముందు కొనవలసింది మాత్రం ఆఫ్టర్‌కూలరే, ఎందుకంటే వేడి గాలిని నేరుగా పంపితే మామూలు డ్రయ్యర్లు తట్టుకోలేవు.

గడ్డకట్టే చలిలో గాలిలో నీరు తక్కువ, అది చేసే అల్లరి ఎక్కువ. సున్నా డిగ్రీల వద్ద ఘనపు మీటరుకు ఐదు గ్రాముల లోపే ఉన్నా, పీడనాన్ని అదుపు చేసే రెగ్యులేటర్‌కు వెళ్ళే సన్నని గొట్టంలో ఆ కాస్త నీరు గడ్డకడితే పీడనం అదుపు తప్పి సేఫ్టీ వాల్వు తెరుచుకునే దాకా పోవచ్చు. పనిముట్టులోంచి బయటపడే గాలి వ్యాకోచించి మరింత చల్లబడుతుంది కాబట్టి, బయట సున్నాకు పైన ఉన్నప్పుడే అక్కడ మంచు పేరుకోవచ్చు.

చలిలో స్టార్ట్ చేయడానికి ఇట్టే అంటుకునే ఈథర్ స్ప్రే చవక, ఇంజన్‌ను ముందుగా వెచ్చబరిచే బ్లాక్ హీటర్ ఖరీదు. అయినా హీటరే మేలు. స్టార్ట్ కోసం లోపల వేడి పుట్టించే గ్లో ప్లగ్ లేదా ఇన్‌టేక్ హీటర్ ఉన్న ఇంజన్‌లోకి ఈథర్ కొడితే అది వేళకు ముందే అంటుకుని పిస్టన్‌ను గానీ గాలి లోపలికి వెళ్ళే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌ను గానీ పగలగొట్టగలదు. హీటర్ పెట్టుకునే వీలు లేనిచోట బ్యాటరీని రాత్రిపూట వెచ్చని గదిలో ఉంచి, డీజిల్ ట్యాంకును సాయంత్రమే నిండుగా నింపి పెట్టాలి. ఖాళీ జాగా లేకపోతే రాత్రి చలికి లోపలి గోడల మీద నీరు పట్టే వీలూ ఉండదు.