వాగ్దాన కార్డుల డబ్బా: ఉదయానికి మంచిదే, మిర్చి ధరకు కాదు

హనుమకొండలో మా చర్చి ఆవరణలో క్రిస్మస్ ముందు పుస్తకాల బల్ల పెడతారు. ఈ వాగ్దాన కార్డుల డబ్బాను అక్కడే 150 రూపాయలకు కొన్నాను. అరచేతిలో పట్టే గట్టి అట్టపెట్టె, లోపల చిన్న చిన్న కార్డులు, ఒక్కో కార్డు మీద ఒక బైబిల్ వాక్యం. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పళ్లెంలోంచి ఏడాదికి సరిపడా ఒక వాగ్దానం, అంటే దేవుడు మాటిచ్చిన వాక్యం ఉన్న చీటీ, తీసుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది కదా, ఇది ఆ అలవాటును రోజువారీ చేస్తుంది.

తయారీ గురించి ముందే చెప్పేస్తాను. కార్డు మందంగా ఉంది, పైన నున్నటి పూత ఉంది, వంటింట్లో తడి చేత్తో పట్టుకున్నా అక్షరం చెదరలేదు. మూత మాత్రం నెల తిరక్కుండానే వదులైంది. జలపాతం బొమ్మ మీద తెల్లటి అక్షరాలు ఎవరి ఆలోచనో గాని, కళ్లద్దాలు పెట్టుకున్నా మా అత్తయ్య చదవలేకపోయింది. ఒకే వాక్యం రెండు కార్డుల మీద వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. అనువాదం పాత బైబిలుదే, నాకు అది నచ్చింది. చిన్నప్పుడు ఆదివారపు బడిలో కంఠస్థం చేసిన మాటలు అవే మరి.

అసలు సంగతి మిర్చి దగ్గర బయటపడింది.

మా అత్తవారిది నర్సంపేట వైపు ఊరు. తేజ రకం ఎక్కువ, చపాటా కొంచెం వేస్తారు. 2025లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది ఈ చపాటాకే. కల్లంలో కాయ ఎండి, తాలు (రంగు పోయిన నాసి కాయ) ఏరి, బస్తాలు కట్టాక ప్రతి ఏడూ ఇంట్లో ఒకటే చర్చ: వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు తోలాలా, ధర పెరిగేదాకా కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా? ఈసారి మా మరిది ప్రార్థన చేసి డబ్బాలోంచి కార్డు తీశాడు. "యెహోవా కొరకు కనిపెట్టుకొని యుండుము" అని వచ్చింది. అతని ముఖం వెలిగిపోయింది. "చూశారా వదినా, ఆగమంటున్నాడు దేవుడు. అన్నీ స్టోరేజీకే" అన్నాడు.

అది 27వ కీర్తన చివరి వచనం. బైబిలు తెచ్చి కీర్తన మొత్తం చదివాను. శత్రువులు దండు దిగారు, అబద్ధ సాక్షులు లేచారు, తల్లిదండ్రులు విడిచినా యెహోవా చేరదీస్తాడు అంటున్నాడు కీర్తనకారుడు. అతను కనిపెడుతున్నది దేవుని కోసం, క్వింటాలు ధర కోసం కాదు. మరిది ఒప్పుకోలేదు. సరే, వాక్యానికి వాక్యమే కావాలంటే ఉంది కదా అని సామెతల గ్రంథం 11వ అధ్యాయం 26వ వచనం తీశాను: "ధాన్యము బిగబట్టువానిని జనులు శపించెదరు." మామయ్య పగలబడి నవ్వాడు. మిర్చి ధాన్యం కాదని మరిది వాదన. ధర కీర్తన కాదని నా వాదన. చిన్న ముక్క చేతిలో ఉంటే ఎవరికి కావలసిన తీర్పు వారు చెప్పుకోవచ్చు. ఈ డబ్బాలో నాకు కనిపించిన పెద్ద లోపం అదే.

ముక్క ఎక్కడ కోశారో చూస్తే ఇంకా ఆశ్చర్యం. "తలగా నియమించునుగాని తోకగా నియమింపడు" అన్న కార్డు అందరికీ ఇష్టం. ద్వితీయోపదేశకాండం 28వ అధ్యాయంలో అదే చోట దేవుని ఆజ్ఞలు విని అనుసరించాలన్న షరతు ఉంది. కార్డు మీద ఆ చోట మూడు చుక్కలు! యిర్మీయా 29:11 కార్డూ ఉంది, సమాధానకరమైన ఉద్దేశాలు, నిరీక్షణ అంటూ. దానికి పై వచనంలో బబులోనులో డెబ్బై ఏళ్లు గడవాలని రాసి ఉంది. ఆ బబులోను చెరలో ఉన్న యూదులకు యిర్మీయా రాసిన అదే ఉత్తరంలో చెప్పిన పని ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, వాటి ఫలాలు తినండి అని. నాకైతే కోసేసిన ఆ భాగమే రోజువారీ నిర్ణయాలకు ఎక్కువ పనికొస్తుంది.

కార్డు తీయడమే తప్పని నేను అనను. "చీట్లు ఒడిలో వేయబడును, వాటివలని తీర్పు యెహోవా వశము" అని సామెతలలోనే ఉంది, మరిది దాన్ని కూడా వదల్లేదు. యేసును పట్టించిన యూదా స్థానంలో మత్తీయను అపొస్తలుడిగా ఎన్నుకున్నది చీటీలతోనే అని గుర్తుచేశాడు. నిజమే. కానీ అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయం నిదానంగా చదవండి. యోహాను బాప్తిస్మం నాటి నుంచీ తమతో ఉన్నవాడై ఉండాలని ముందు కొలత పెట్టారు, దానికి సరిపోయిన ఇద్దరిని నిలబెట్టారు, ప్రార్థించారు, అప్పుడు చీట్లు వేశారు. మనం మొదటి రెండూ వదిలేసి ప్రార్థన, చీటీలతోనే మొదలుపెడుతున్నాం. పైగా ఆ తర్వాతి అధ్యాయంలో పరిశుద్ధాత్మ దిగివచ్చాక, అపొస్తలులు చీట్లు వేసిన ప్రస్తావన మళ్లీ లేదు.

జ్ఞానం కొదువైతే దేవుణ్ణి అడగమని యాకోబు రాశాడు, ఆయన గద్దించకుండా ధారాళంగా ఇస్తాడని కూడా. ఎలా ఇస్తాడో మాత్రం మనం నిర్ణయించలేం. మా ఇంట్లో ఈసారి అది మామయ్య పాత లెక్కల పుస్తకంలోంచి వచ్చిందనుకుంటాను. స్టోరేజీ కిరాయి, తూకంలో తరుగు, పురుగుమందుల దుకాణం బాకీ మీద పెరుగుతున్న వడ్డీ, అన్నీ ఒక కాగితం మీద వేశాడు. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని ప్రభువే అడిగాడు కదా. మరిది వెళ్లి మార్కెట్లో సరుకు అమ్మిపెట్టే అడ్తిదారుతోనూ, మా చర్చిలో మిర్చి వేసే పెద్దలతోనూ మాట్లాడి వచ్చాడు. బాకీ తీరేంత తేజ అమ్మేశాం, మిగిలింది స్టోరేజీకి వెళ్లింది. తర్వాత ధర ఏమైందన్నది ఈ సమీక్షకు అనవసరం. పెరిగినంత మాత్రాన కార్డు సరైనదనీ, పడినంత మాత్రాన మేం తప్పామనీ కాదు.

ఇంకో మాట. డబ్బాలో అన్నీ దీవెనలే. మందలింపు ఒక్కటీ లేదు. బస్తా అడుగున తాలు కలుపుదామా అన్న ప్రశ్న కూడా రోజువారీ నిర్ణయమే, దానికి జవాబు ఇందులో దొరకదు. సామెతల గ్రంథంలో ఉంది: "దొంగత్రాసు యెహోవాకు హేయము." అందులో 31 అధ్యాయాలున్నాయి, తేదీకొకటి చదివితే నెలకు సరిపోతుంది. ఖర్చు లేదు, జలపాతాలూ లేవు.

అయితే డబ్బాను పారేయలేదు. ఉదయం మా చిన్నమ్మాయి కార్డు తీస్తుంది, ఆ వచనం ఉన్న అధ్యాయం మొత్తం బైబిల్లో చదువుతాం. అలా వాడితే డబ్బు దండగ కాదు. పిల్లలున్న ఇంటికి, వాక్యం కంఠస్థం చేయాలనుకునేవారికి కొనమని చెబుతాను. పెళ్లి సంబంధం, ఉద్యోగం, పొలం అమ్మకం కోసం కార్డు తీసేవారికి వద్దంటాను. ఐదుకు మూడు.

అచ్చువేసేవారికి ఒక విన్నపం. కార్డు వెనక భాగం ఖాళీగా ఉంది. ఆ మాట ఎవరికి, ఎప్పుడు చెప్పారో అక్కడ రెండు వరుసలు వేయండి, ఆ మూడు చుక్కల చోట ఉన్నది కూడా. దానికి ఇంకో ఇరవై రూపాయలు ఎక్కువైనా ఇస్తాను. మూత కూడా కాస్త బిగువుగా చేయండి.