ముందు మెట్లెన్నో చెప్పు

పొద్దున్నే ఆర్.కె. బీచ్‌లో కాళీమాత గుడి దగ్గర నడక మొదలుపెడతాం. కురుసుర సబ్‌మెరీన్ వచ్చేసరికి నడక ఆగిపోతుంది, మాటలు మాత్రం సాగుతూనే ఉంటాయి. మేం ముగ్గురం. టీచరమ్మగారికి 71 ఏళ్ళు, ఎడమ మోకాలు అరిగిపోయింది. వదిన బ్యాంకులో ఆఫీసరుగా రిటైరైంది. ఆవిడ నాకు చుట్టం కాదు. ఇరవై ఏళ్ళు ఎదురెదురు ఫ్లాట్లలో ఉన్నాక ఇంకేమని పిలుస్తాం? ఇక నేను ఒక షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో 31 ఏళ్ళు ఓడల కాగితాలు టైపు చేశాను. 'సింగపూర్' అన్న మాట ఎన్ని వేలసార్లు కొట్టానో లెక్కలేదు. సరుకంతా వెళ్ళింది గానీ నేను వెళ్ళడానికి 62 ఏళ్ళు పట్టింది.

మా ముగ్గురిలో ముందు విమానం ఎక్కింది టీచరమ్మగారే. మూడుసార్లు అమెరికా వెళ్ళొచ్చారు. దాన్ని యాత్ర అంటే మాత్రం ఒప్పుకోరు. "అది డెప్యుటేషనమ్మా" అంటారు. కూతురివి రెండు పురుళ్ళు, కొడుకు ఇల్లు మారడం ఒకటి. ఆరేసి నెలలు న్యూజెర్సీలో ఉండి, నయాగరాని చూసింది ఒక్క పూట. అదీ చంటివాణ్ణి చంకనేసుకుని. మన విశాఖలో ఇలాంటి అమ్మమ్మలూ నాయనమ్మలూ వీధికి పదిమంది ఉంటారు. పాస్‌పోర్టు నిండా ముద్రలే, చూసింది మాత్రం వంటగది.

అందుకే మూడేళ్ళ క్రితం, పిల్లల పని లేకుండా మా కోసం మేమే వెళ్ళాలని అనుకున్నాం. మొదటిసారి అనుభవం లేదు కాబట్టి ప్యాకేజీ తీసుకున్నాం. ఐదు రోజులు, బ్యాంకాక్, పట్టాయా. కంపెనీ పేరు చెప్పను. చెప్పినా లాభం లేదు, ఆ పద్ధతే అంత.

ఇంకో ఊళ్ళో విమానం మారి వెళ్ళాం. మేం దిగాం గానీ వదిన పెట్టె దిగలేదు. మర్నాడు సాయంత్రానికి హోటల్‌కి తెచ్చిచ్చారు, అంతవరకు బాగానే ఉంది. ఆవిడ బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు మొత్తం ఆ పెట్టెలోనే ఉన్నాయి. నా బీపీ మాత్ర, ఆవిడ వేసుకునేదీ ఒకటే కావడం మా అదృష్టం. షుగర్ మాత్రకి మాత్రం ఒక రాత్రి పస్తే. అప్పటి నుంచి మాత్రలు, డాక్టరు చీటీ, ఒక జత బట్టలు చేతిసంచిలోనే పెడుతున్నాం. చీటీలో కంపెనీ పేరు కాదు, మందు అసలు పేరు ఉండాలి. మన దగ్గర దొరికే బ్రాండు పేరు చెబితే అక్కడి మందుల షాపువాడికి ఏం అర్థమవుతుంది?

బ్యాంకాక్‌లో వాట్ ఫో గుడిలో పడుకున్న బుద్ధుణ్ణి చూశాం. పొడవు 46 మీటర్లు. ఆ పాదాల దగ్గర నిలబడితే కదలబుద్ధి కాదు. ముత్యపు చిప్ప పొదిగి 108 గుర్తులు చెక్కారు. వెనకవైపు గోడ పొడుగునా 108 కంచు గిన్నెలు వరసగా ఉంటాయి, జనం ఒక్కో దాంట్లో ఒక్కో నాణెం వేస్తూ నడుస్తారు. ఆ హాలంతా టింగు టింగుమని సన్నగా మోగుతూ ఉంటుంది. టీచరమ్మగారు ముప్ఫయ్యో గిన్నె దగ్గర ఉండగానే గైడు జెండా ఊపేశాడు. గుడికి ఇచ్చింది 40 నిమిషాలు. ఆ తరవాత రత్నాల షాపులో కూర్చోబెట్టింది గంటన్నర! బుద్ధుడు మనకేమీ కొత్త కాదు, తొట్లకొండ బౌద్ధారామం మన ఇంటి పక్కనే ఉంది. కానీ ఆ 108 గిన్నెలూ పూర్తి చేయలేకపోయానన్న బాధ ఆవిడకి ఇప్పటికీ పోలేదు.

పట్టాయాలో కోరల్ ఐలాండ్ అని స్పీడు బోటులో తీసుకెళ్ళారు. మోకాలి లోతు నీళ్ళలో నడిచి, ఊగుతున్న పడవ ఎక్కాలి. కుర్రాళ్ళకి సరదా. టీచరమ్మగారిని ఇద్దరు పట్టుకుని ఎక్కించాల్సొచ్చింది. రాత్రిళ్ళు 'ఇండియన్ డిన్నర్' పేరుతో నాలుగు రోజులూ అదే పనీర్, అదే పప్పు. ధర చూస్తే చవకే. అయితే ప్యాకేజీలో చవకైన ప్రతి రూపాయికీ మన కాళ్ళు వడ్డీ కడతాయి. ఇది వదిన మాట. బ్యాంకు మనిషి కదా, వడ్డీ లేకుండా మాట్లాడదు.

ప్యాకేజీ బిల్లు మీద టీసీఎస్ అని కొంత పన్ను పట్టుకుంటారు. చాలామంది అది పోయిందనే అనుకుంటారు. రిటర్ను దాఖలు చేస్తే సర్దుబాటవుతుంది, లేదా వెనక్కి వస్తుంది. వదిన మా ముగ్గురికీ రాబట్టింది.

రెండోసారి సింగపూర్ మేమే వేసుకున్నాం. ఏ ఊరు చూసినా టీచరమ్మగారిది ఒకటే ప్రశ్న: "అందాల సంగతి తరవాత, ముందు మెట్లెన్నో చెప్పు." సింగపూర్‌కి ఆ పరీక్షలో నూటికి తొంభై ఐదు వేసుకోవచ్చు. మెట్రో స్టేషన్లన్నిటికీ లిఫ్టు ఉంది. కుళాయి నీళ్ళు తాగొచ్చు. దాంతో సీసాలు మోసే బాధ తప్పింది.

అసలు లాభం ఇంటి దగ్గరే మొదలైంది. మేం వెళ్ళినప్పుడు విశాఖ నుంచి సింగపూర్‌కి నేరుగా స్కూట్ విమానం ఉంది. రాత్రి పదకొండు ప్రాంతంలో ఎక్కితే నాలుగు గంటల ప్రయాణం. హైదరాబాదులోనో చెన్నైలోనో అర్ధరాత్రి పెట్టెలు ఈడ్చుకుంటూ కూర్చునే పని లేదు. మా వయసుకి ఇది ఫైవ్‌స్టార్ హోటల్ కంటే ఎక్కువ. చవక విమానం కాబట్టి భోజనానికీ పెట్టెకీ విడిగా డబ్బు కట్టాలి. అది ముందే టికెట్‌తో కట్టేయడం మేలు. భోజనం మాత్రం మేం కట్టలేదు, పులిహోర పట్టుకెళ్ళాం. టీచరమ్మగారికి వీల్‌చైరు టికెట్ తీసుకున్నప్పుడే రాయించాం. మొదట ఆవిడకి నామోషీ. "నేను నడవగలను" అన్నారు. చాంగీ విమానాశ్రయంలో దిగాక ఆ పొడుగాటి నడవాలు చూసి, "మీరిద్దరూ కూడా అడగాల్సింది" అన్నారు.

ఒక చిక్కు ఎవరూ ముందు చెప్పరు. అక్కడి టైము మనకంటే రెండున్నర గంటలు ముందు. దాంతో నాలుగు గంటల ప్రయాణం చేసి దిగేసరికి తెల్లవారిపోతుంది. హోటల్లో గది ఇచ్చేది మధ్యాహ్నం మూడింటికి. రాత్రంతా నిద్ర లేకుండా ఎనిమిది గంటలు లాబీలో ఎలా కూర్చుంటాం? అందుకని ముందు రాత్రికి కూడా గది తీసుకున్నాం. ముగ్గురికీ కలిపి ఒకే గది. రోజుకి 160 సింగపూర్ డాలర్లు, అప్పటి లెక్కలో పదివేలు పైనే. ఖాళీ గదికి పదివేలా అని వదిన గింజుకుంది. పొద్దున్న ఏడింటికి స్నానం చేసి మంచం మీద వాలాక, మధ్యాహ్నం దాకా ఆవిడ గురకే వినిపించింది.

గది లిటిల్ ఇండియాలో తీసుకున్నాం, ఫారర్ పార్క్ మెట్రో స్టేషన్‌కి నడక దూరంలో. గది చిన్నది, మూడు మంచాలు వేశాక పెట్టె తెరవడానికి చోటు లేదు. శుభ్రంగా ఉంది. స్నానాల గదిలో మగ్గు లేదు, పక్కన స్ప్రే లేదు. మనవాళ్ళు ఎక్కడికెళ్ళినా పెట్టెలో ప్లాస్టిక్ మగ్గు పెట్టుకోవాల్సిందే, సిగ్గుపడాల్సిన పని లేదు. గదిలో ఉన్న కెటిల్‌తో నీళ్ళు కాచి ఇన్‌స్టంట్ ఉప్మా చేసుకున్నాం, ఒక్కటే కష్టం, ఉండ కట్టింది. టిఫిన్‌కి కోమల విలాస్‌కి వెళ్ళొచ్చు. 1947 నుంచి ఉన్న హోటల్. ఇడ్లీ బాగుంది. చట్నీ మన చట్నీ కాదు గానీ, పరాయి ఊళ్ళో అంత పట్టింపు పెట్టుకోకూడదు.

ఆ హోటల్ ఉన్న సెరంగూన్ రోడ్డు మీదే వీరమాకాళి అమ్మన్ గుడి ఉంది. బీచ్ దగ్గర కాళీమాతకి రోజూ దండం పెట్టుకునే టీచరమ్మగారు అక్కడ నిలబడి, "ఈవిడ మనకంటే ముందే వచ్చేసిందమ్మా" అన్నారు. మధ్యాహ్నం గుడి మూసేస్తారు. మా మొదటి ప్రయత్నం అలాగే బెడిసింది.

గార్డెన్స్ బై ద బే అనే పెద్ద తోట ఒక్కటే చూసినా డబ్బు గిట్టుబాటే. అందులో క్లౌడ్ ఫారెస్ట్ అనే అద్దాల మందిరంలో 35 మీటర్ల ఎత్తు నుంచి నీళ్ళు పడుతుంటాయి. లిఫ్టులో పైకి తీసుకెళ్ళి, అక్కడి నుంచి మెల్లగా కిందికి నడిపిస్తారు. ఎక్కే పనే లేదు. అరకు చలి, పొగమంచు అన్నీ అద్దాల గదిలో పెట్టినట్టుంది. రాత్రి సూపర్‌ట్రీల దగ్గర, అంటే చెట్ల ఆకారంలో కట్టిన ఎత్తైన కట్టడాల దగ్గర, దీపాల ఆట ఉచితం. నేల మీద వెల్లకిలా పడుకుని చూస్తారు. మేమూ పడుకున్నాం. లేవడానికే ఒకరికొకరు సాయం కావాల్సొచ్చింది, నవ్వు ఆగక ఇంకో ఐదు నిమిషాలు అలాగే ఉండిపోయాం.

వీసా మాత్రం అధీకృత ఏజెంటు ద్వారానే. దాంతోపాటు వెళ్ళేముందు మూడు రోజుల లోపల ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపాలి. అది పూర్తిగా ఉచితం. వదిన మేనల్లుడు ఏదో సైట్లో డబ్బు కట్టి మరీ నింపాడు. అచ్చం సర్కారుదిలాగే కనిపించే సైట్లు ఉంటాయి, డబ్బు అడిగితే వెంటనే మూసేయండి. ఇన్సూరెన్సులో 'పాత జబ్బులు' అన్న పేజీ చదవకుండా సంతకం పెట్టొద్దు. బీపీ, షుగర్ ఉన్నాయని దాచిపెట్టి ప్రీమియం తగ్గించుకుంటే, ఆసుపత్రి బిల్లు వచ్చిన రోజున కంపెనీకి అదే సాకవుతుంది.

సింగపూర్ నుంచి కౌలాలంపూర్‌కి బస్సులో వెళ్ళడం నా తప్పు. ఐదారు గంటలే కదా అనుకున్నాను. సరిహద్దులో రెండుసార్లు దిగాలి, సింగపూర్ దాటేటప్పుడు ఒకసారి, మలేసియాలో అడుగుపెట్టేటప్పుడు ఇంకోసారి. రెండోసారి పెట్టెలు కూడా దించుకుని నడవాలి. టీచరమ్మగారు ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ. తిరుగు ప్రయాణం విమానంలోనే చేశాం.

బతు కేవ్స్‌కి మాత్రం కౌలాలంపూర్‌లోని కేఎల్ సెంట్రల్ స్టేషన్ నుంచి లోకల్ రైలు గుహల ముందే దింపుతుంది. 140 అడుగుల మురుగన్ విగ్రహం పక్కనుంచి 272 మెట్లు, నిటారుగా, రంగురంగులుగా. పైగా కోతులు. టీచరమ్మగారు కింద నుంచే దండం పెట్టి, "సింహాచలం మెట్లెక్కిన పుణ్యం ఇక్కడికి బదిలీ చేసుకుంటాను" అని పూలకొట్టు పక్కన బల్ల మీద కూర్చుండిపోయారు.

మేం రొప్పుతూ దిగేసరికి ఆవిడ ఆ కొట్టామెతో కలిసి దండ కడుతున్నారు. తెలుగావిడ! మన వయసే ఉంటుంది. వాళ్ళ తాత రబ్బరు తోటలో కూలికి వచ్చాడట. "ఇశాపట్నంలో ఓడెక్కినాడంట" అంది. ఏ పల్లెవాడో ఆమెకి తెలీదు. మా అమ్మమ్మ చిన్నప్పుడు ఊళ్ళో 'రంగం పోయినోళ్ళ' కథలు చెప్పేది. రంగం అంటే రంగూన్. అలా బర్మాకి కొందరు, మలయాకి కొందరు. ఆ ఓడల కాగితాలు నాకంటే ముందు ఎవరో రాసే ఉంటారు, అందులో ఈ తాత పేరు ఏ అక్షరాలతో ఉందో.

"ఇశాపట్నం సముద్రం అలాగే ఉందా అని అడిగిందమ్మా" అన్నారు టీచరమ్మగారు రైల్లో.

"మీరేమన్నారు?"

"సముద్రం అలాగే ఉంది, ఇసకే తగ్గింది అన్నాను."

పూలదండకి ఆమె డబ్బు తీసుకోలేదు.

ఇప్పుడు మూడో ప్రయాణం గొడవ నడుస్తోంది. టీచరమ్మగారికి స్విట్జర్లాండ్ మీద మనసు. వదినకేమో శ్రీలంక, దగ్గర, చవక. "అక్కడి యూంగ్‌ఫ్రౌయోక్ స్టేషన్ 3,454 మీటర్ల ఎత్తండి, మీ బీపీకి ఊపిరి ఆడుతుందా?" అంటుంది వదిన. "మీ సిగిరియా కొండకి వెయ్యికి పైన మెట్లమ్మా, స్విట్జర్లాండ్‌లో కొండ పైదాకా రైలుంది" అంటారు ఆవిడ. ఈ వాదనలో ఆవిడదే గెలుపు, కానీ ఖర్చు మూడింతలు. నా ఓటు ఎవరికీ వేయలేదు. శ్రీలంక వెళ్ళినా సిగిరియా ఎక్కక్కర్లేదు, కాండీలో నాలుగు రోజులు ఒకే గదిలో ఉండి చెరువు గట్టున నడిచినా చాలు. యూరప్ వెళ్తే మాత్రం పదిహేను రోజుల్లో ఎనిమిది దేశాల బస్సు వద్దు. ఒక్క దేశం, ఒక్క ఊరు. అలాగైతే నేను స్విట్జర్లాండ్‌కే.

నిన్న మురీ మిక్చర్ తింటూ తేదీల దాకా వచ్చాం. అప్పుడు వదినకి అనుమానమొచ్చి టీచరమ్మగారి పాస్‌పోర్టు ఫోటో ఫోన్లో తెరిచి చూసింది. గడువు ఇంకా ఐదు నెలలే. ఆరు నెలలైనా లేకపోతే చాలా దేశాలు రానివ్వవు. మంగళవారం ముగ్గురం మర్రిపాలెం పాస్‌పోర్టు ఆఫీసుకి బయల్దేరుతున్నాం. ఫోటో వాళ్ళే తీస్తారు, వెనక తెల్లగా ఉంటుంది కాబట్టి ముదురు రంగు చీర కట్టుకోండి అని చెప్పాను.

"ఆకుపచ్చ పట్టుచీర కడతాను" అన్నారావిడ. "అక్కడ మెట్లెన్ని?"