టెట్రాబెనజీన్ మాత్ర: ఆగని దవడకు ఎంతవరకు పనికొస్తుంది?

మానసిక జబ్బులకిచ్చే హాలోపెరిడాల్ లాంటి మందులు ఏళ్ల తరబడి వాడినవాళ్లలో కొందరికి నోట్లో ఏమీ లేకపోయినా దవడ నములుతూనే ఉంటుంది, నాలుక ఉండుండి బయటికొస్తుంది. ఈ టార్డివ్ డిస్కినీషియాకు డాక్టర్లు రాసే మాత్రల్లో టెట్రాబెనజీన్ ఒకటి. పనిచేస్తుంది, కానీ కాపలా కావాలి.

ఇది నరాల కణాల్లో డోపమిన్ నిల్వను తగ్గిస్తుంది, దాంతో కదలికలు నెమ్మదిస్తాయి. అంతేగానీ జబ్బు పోదు. చివరి డోసు పడ్డ 12 నుంచి 18 గంటల్లో కదలికలు మళ్లీ మొదలవుతాయి. అందుకే రోజుకు రెండు మూడుసార్లు వేసుకోవాల్సి వస్తుంది. నా లెక్కలో ఇదే దీని పెద్ద లోపం.

మామూలుగా పొద్దున 12.5 మి.గ్రా.తో మొదలుపెట్టి, వారం తర్వాత రెండు పూటలా చేసి, ఆపైన వారానికో 12.5 పెంచుతారు. ఒక్కసారికి 25 దాటించరు. రోజుకు 50 దాటాలంటే ముందు సీవైపీ2డీ6 జన్యు పరీక్ష (ఒళ్లు ఈ మందును ఎంత వేగంగా కరిగిస్తుందో చెప్పేది) చేయించాలి. దిగులుకిచ్చే ఫ్లుయోక్సెటిన్, పారోక్సెటిన్ వాడేవాళ్లలో ఈ మందు ఒంట్లో పేరుకుపోతుంది కాబట్టి వాళ్లకు 50తోనే సరి. ఐదు రోజులకు మించి మానేస్తే పాత డోసు అందుకోకూడదు, మళ్లీ మొదటినుంచే. లివర్ దెబ్బతిన్నవాళ్లకు ఇది అసలే పనికిరాదు.

మత్తు సంగతి అటుంచితే, అసలు భయం దిగులు. చావు మాటలు వినిపిస్తే మర్నాటి దాకా ఆగకుండా డాక్టరుకు చెప్పాలి. ఇంకో చిక్కు: ఈ మాత్రవల్లే కాళ్లు ఒకచోట నిలవకపోవచ్చు. అది పాత మానసిక జబ్బు తిరగబెట్టిందనుకుని హాలోపెరిడాల్ లాంటి అసలు మందు పెంచితే కథ మొదటికొస్తుంది. అసలు మందుతో పాటు రాసే పాసిటేన్ మాత్ర వణుకుకు, బిగుతుకు మంచిదే గానీ ఈ నమలడాన్ని పెంచగలదు. భయపడి అసలు మందును సొంతంగా ఆపేసినా కదలికలు ముందు ఎక్కువవ్వొచ్చు.

గుణం తెలియాలంటే వీడియో తీయండి. నోట్లో వక్కపొడి లేకుండా చూసి, చేతుల్లేని కుర్చీలో కూర్చోబెట్టి, బొటనవేలితో మిగతా వేళ్లను ఒక్కొక్కటిగా పది పదిహేను సెకన్లు తట్టమనండి. ధ్యాస వేళ్ల మీదికి పోగానే నోటి కదలిక బయటపడుతుంది. ఇలాంటి ఆగని కదలికలను కొలిచే ఎయిమ్స్ స్కేలులో డాక్టర్లు చేయించే పరీక్షే ఇది. (ఢిల్లీ ఆసుపత్రికీ దీనికీ సంబంధం లేదు.)

ఇదే కోవ మందు, 2017లో అమెరికాలో అనుమతి పొందిన వాల్బెనజీన్ అయితే రోజుకొక్కసారే: వారంపాటు 40, తర్వాత 80 మి.గ్రా. దొరికి, ఖర్చు భరించగలిగితే అదే మేలు.