పాల క్యాన్లలో చలికాలపు నారు: చాలా శీతాకాలాలు వాడాక నా సమీక్ష

మంచు పడే చోట ఉంటూ, ఇంట్లో గ్రో లైట్లు (నారు పెంచే కరెంటు దీపాలు) పెట్టుకునే జాగా లేనివాళ్లకి, ప్లాస్టిక్ పాల క్యాన్లో విత్తి చలికాలమంతా బయటే ఉంచే ఈ పద్ధతి నిక్షేపంలా పనికొస్తుంది. అయితే అన్ని విత్తనాలకీ కాదు. విత్తి బయట పెట్టేస్తే చాలు, మిగతాదంతా ప్రకృతే చూసుకుంటుంది అనేవాళ్ల మాట సగమే నమ్మండి. చలికాలమంతా నిజంగానే పనేమీ ఉండదు. ఆ పని మొత్తం వసంతం మొదట్లో, ఎండ ముదిరే రెండు మూడు వారాల్లో ఒక్కసారిగా మీద పడుతుంది. ఈ పద్ధతి పాసా ఫెయిలా తేలేది ఆ వారాల్లోనే.

తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. వెలుతురు చొరబడే ప్లాస్టిక్ డబ్బాలో తడి మట్టి నింపి, విత్తనాలు చల్లి, పైభాగం మూసేసి నడి చలికాలంలో ఆరుబయట పెట్టడమే. లోపల మట్టి గడ్డకడుతుంది, కరుగుతుంది, మళ్లీ గడ్డకడుతుంది. విత్తనాలు వాటి అదను చూసుకుని మొలుస్తాయి. దీన్ని వింటర్ సోయింగ్ అనే పేరుతో జనంలోకి తెచ్చింది న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన ట్రూడీ డేవిడాఫ్.

డబ్బాల్లో దొరికినవన్నీ వాడి చూశాను. చివరికి నిలబడింది పాలు అమ్మే గ్యాలన్ ప్లాస్టిక్ క్యానే, అంటే సుమారు 3.8 లీటర్లది. పండ్లు అమ్మే పల్చటి పెట్టెలు లోతు తక్కువ, రెండు రోజులు ఎండ కాస్తే మట్టి ఎండిపోతుంది. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలు గాలికి దొర్లిపోతాయి. పెద్ద స్టోరేజ్ డబ్బా మూతకి కన్నాలు పెట్టి లోపల చిన్న కుండీలు పేర్చుకోవచ్చు, కానీ తడి మట్టితో దాన్ని కదపాలంటే ఇద్దరు కావాలి. వెలుతురు లోపలికి పోని దట్టమైన తెల్ల క్యాన్లు మాత్రం వద్దే వద్దు.

క్యాన్ కోసే పద్ధతిలో ఒక కిటుకుంది. అడుగు నుంచి నాలుగు అంగుళాల ఎత్తులో చుట్టూ కోయాలి, కానీ పిడి కింద రెండు అంగుళాలు కోయకుండా వదిలేయాలి. అప్పుడు పైభాగం తలుపులా తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. అడుగున నాలుగైదు కన్నాలు పెడతాం సరే, పక్కన కింది అంచులో కూడా రెండు మూడు పెట్టండి. క్యాన్ నేలకి అతుక్కుని కూర్చుంటే అడుగు కన్నాలు మూసుకుపోతాయి, కరిగిన మంచు నీళ్లు లోపలే నిలిచిపోతాయి. కన్నాలకి నేను స్క్రూడ్రైవర్ మొన కాల్చి గుచ్చుతాను. ఆ పొగ మంచిది కాదు, బయట కూర్చుని చేయండి. పైనున్న బిరడా మాత్రం తీసేయాలి. వానా మంచూ లోపలికి పడేదీ, వేడి బయటికి పోయేదీ ఆ కన్నం గుండానే.

మట్టి విషయంలో బేరం లేదు, కుండీల కోసం సంచుల్లో అమ్మే తేలికపాటి మిశ్రమం, పాటింగ్ మిక్సే. తోట మట్టి పోస్తే గడ్డకట్టి కరిగేసరికి ఇటుకలా బిగుసుకుపోతుంది. మిక్స్‌ని కూడా ముందే బకెట్లో నానబెట్టుకోవాలి, ఎందుకంటే అందులో ఉండే పీట్ (కుళ్లిన నాచు) బాగా ఎండితే నీళ్లు పీల్చుకోదు. పిడికిట్లో పట్టి గట్టిగా నొక్కితే ఒకటి రెండు చుక్కలు కారాలి, ధార కారకూడదు. మూడు నాలుగు అంగుళాల మందం చాలు. గసగసాల జాతి పూలు, స్నాప్‌డ్రాగన్ లాంటి సన్న విత్తనాలని పైపైన చల్లి వేలితో అద్దితే సరిపోతుంది. వాటికి వెలుతురు తగలాలి, మట్టి కప్పకండి.

కోసిన చోట చుట్టూ అతికించి మూసే డక్ట్ టేప్ మంచిదే కొనండి. చవక టేపు చలికీ తడికీ ఊడొస్తుంది. ఇంట్లో ఉండగానే, పొడి ప్లాస్టిక్ మీద అతికించాలి. ఇక పేర్లు. మార్కర్‌తో పైన రాస్తే వసంతానికి ఎండకి వెలిసిపోయి ఒక్క అక్షరం కనిపించదు. అప్పుడు క్యాబేజీ ఏదో కేల్ ఏదో మొలకని చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. ప్లాస్టిక్ పట్టీ మీద పెన్సిల్‌తో రాసి లోపల మట్టిలో గుచ్చుతాను. పెన్సిల్ రాత చెక్కుచెదరదు.

ఈ పద్ధతి అసలు గొప్పతనం చలి కావలసిన విత్తనాల దగ్గర తెలుస్తుంది. మిల్క్‌వీడ్, లావెండర్, కొలంబైన్, డెల్ఫినియం లాంటి పూలమొక్కలవి. వీటిలో చాలావాటికి విత్తనం లోపల మొలకని ఆపి ఉంచే అబ్సిసిక్ ఆమ్లం ఉంటుంది. తడిలో, చలిలో కొన్ని వారాలు గడిస్తే అది తగ్గి మొలక లేస్తుంది. మిల్క్‌వీడ్‌కి కనీసం 30 రోజులు ఇమ్మంటారు. ఇదే పని ఫ్రిజ్‌లో చేయాలంటే తడి టిష్యూలో చుట్టి, కవర్లో పెట్టి, బూజు పట్టిందా అని వారం వారం విప్పి చూడాలి. ఫ్రిజ్‌లో ఆ కవర్లు ఏమిటని ఇంట్లోవాళ్లకి సంజాయిషీ వేరే. క్యాన్లో పెట్టినవాటికి ఆ టెన్షనే లేదు. వీటిని డిసెంబర్ చివర నుంచి జనవరి లోపల ఎప్పుడైనా పెట్టేస్తాను.

పాలకూర, లెట్యూస్, కేల్, బ్రకోలీ, క్యాబేజీ, ఉల్లి నారు కూడా బ్రహ్మాండంగా వస్తాయి. వీటిని చలికాలం చివర్లో పెడితే చాలు. లెట్యూస్ మట్టి బాగా చల్లగా ఉన్నా మొలకెత్తడం మొదలుపెడుతుంది. టమాటా ఫర్వాలేదు. ఆఖరి మంచుకి నెల, నెలన్నర ముందు పెడితే పొట్టిగా, గట్టిగా మంచి నారు వస్తుంది. కాకపోతే ఇంట్లో లైట్ల కింద పెంచినవాటి కంటే కాయ ఆలస్యం. మిరప, వంగ జోలికి మాత్రం పోకండి. వాటికి మట్టి 25 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటేనే హుషారు. క్యాన్లో అవి లేచేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. నేను వాటిని ఇంట్లోనే, కరెంటుతో వెచ్చబడే చాప మీద మొలకెత్తిస్తాను.

ఇప్పుడు ఆ వసంతపు వారాల సంగతి. బయట 15 డిగ్రీలే ఉందని నిశ్చింతగా ఉండకూడదు. నేరుగా ఎండ పడితే మూసిన క్యాన్ లోపల అంతకు రెట్టింపు వేడి పుట్టగలదు, లేత మొలకలు మధ్యాహ్నానికి వాడిపోతాయి. అందుకే ఎండ రోజుల్లో పొద్దున్నే టేపు తీసి పైభాగం వెనక్కి వాల్చేస్తాను, రాత్రి మంచు పడేలా ఉంటే మూస్తాను. మంచు మరీ గట్టిగా ఉంటుందంటే పైన పాత దుప్పటి. నీళ్లు కావాలో వద్దో చూడటం తేలిక. పొద్దున గోడల లోపల నీటి బొట్లు పట్టి ఉంటే తడి ఉన్నట్టే. గోడలు పొడిగా ఉండి, ఎత్తితే క్యాన్ తేలిగ్గా అనిపిస్తే వెడల్పాటి గిన్నెలో నీళ్లు పోసి అందులో కూర్చోబెట్టాలి, అడుగు నుంచి పీల్చుకుంటుంది. పైనుంచి పోస్తే సన్న మొలకలు పడిపోతాయి. ఈ రోజుల్లో ఉద్యోగం మీద ఊరెళ్లాల్సి వస్తే పక్కింటివాళ్లకి అప్పజెప్పి వెళ్లడమే, గత్యంతరం లేదు.

ఈ చాకిరీకి ఫలితం ఏమిటంటే నారు రాటుదేలి ఉంటుంది. ఇంట్లో పెంచిన నారుని రోజుకో గంట బయట పెట్టి, మళ్లీ లోపలికి మోసి, వారం పది రోజులు ఎండకీ గాలికీ అలవాటు చేయాలి. ఇక్కడ ఆ మోత లేదు. పుట్టిందే ఆ గాలిలో. ఇంట్లో నన్ను ఏడిపించిన నారుకుళ్లు కూడా క్యాన్లలో చాలా అరుదు. చల్లదనం, గాలి రెండూ ఉండటమే కారణం. గుల్ల లేని నత్తలు మాత్రం పక్క కన్నాల్లోంచి దూరుతాయి, వాన వెలిశాక ఒకసారి తొంగి చూడండి.

మొలకతో వచ్చే తొలి ఆకులు కాక, ఆ తర్వాతి అసలు ఆకులు రెండు జతలు వచ్చాక నాటేస్తాను. గుబురుగా మొలిస్తే ఒక్కో మొక్క విడదీయను. మట్టితో సహా ముద్దలుగా తుంచి నాటి, తర్వాత బలహీనమైనవి కత్తిరించేస్తాను. లెట్యూస్, ఉల్లి దీనికి ఏమీ అనుకోవు. గసగసాల జాతి పూలకి వేరు కదిలితే పడదు, అందుకే ఆ ముద్దని వీలైనంత పెద్దదిగా, చెదరకుండా దించాలి.

నచ్చనివి రెండు. ఒకటి, ఎప్పుడు మొలుస్తాయో చెప్పలేం, ఒక ఏడాదికీ ఇంకో ఏడాదికీ వారాల తేడా వస్తుంది. తేదీలు వేసుకుని తోట పని చేసేవాళ్లకి ఇది చిరాకు. రెండోది చూపు. పెరడు నిండా టేపులు చుట్టిన పాల క్యాన్లు బారులు తీరి ఉంటే, చెత్త బండి రాలేదా అని ఇంటికొచ్చినవాళ్లు మొహమాటం లేకుండా అడుగుతారు. చలికాలంలో కూడా నీళ్లు గడ్డకట్టని చోట ఉన్నవాళ్లకి ఈ హంగామా అక్కర్లేదు. కూర విత్తనాలు నేరుగా విత్తుకోవచ్చు, చలి కావలసిన పూల విత్తనాలకి ఫ్రిజ్ ఉండనే ఉంది.

ఒకసారి ఎండలో ఉన్న క్యాన్ మరుసటి ఏటికి పెళుసుబారుతుంది. పిడి దగ్గర వదిలిన ఆ రెండు అంగుళాలే ముందు పగులుతాయి. కొత్తవి చలికాలానికి ముందునుంచే కడిగి, ఆరబెట్టి పోగేసుకోండి. బిరడాలు దాచకండి, వాటితో పని లేదు.